తాత కొర్రలు తినేశాడు

"తినీసినాడు! మావ తినీసినాడు!"

పొయ్యి ముందు నిలబడి అమ్మ వేసిన ఆ కేకకి ఎదురు కొండ మీద మేకలు మేత ఆపేశాయి. పక్కింట్లో ఇద్దరు దుప్పటి తన్నేసి లేచారు. వాళ్ళలో ఒకాయనకి మూడేళ్ళుగా చెవుడు.

తాత మాత్రం తినడం ఆపలేదు. గిన్నెలో మిగిలిన కొర్రగంజి వేలితో తుడిచి, నాకి, మూతి తుండుతో అద్దుకున్నాడు.

"కొత్త కొర్రలేనా మావా? మన సేలోయేనా?"

"పాతయి ఇంత రుచుంటాయేటి?"

అమ్మ నెత్తి మీద చేతులు పెట్టుకుని గుమ్మంలో కూలబడింది. చెల్లి సోని చదువుతున్న పుస్తకం మూసేసింది. నేను గోడకి ఆనుకుని, ఆ గోడలో కలిసిపోవడానికి గట్టిగా ప్రయత్నిస్తున్నాను.

కొర్రల కొత్త పండగ వచ్చే లక్ష్మివారం. ఆ రోజు ఊరంతా కలిసి శంకుదేవుడికి పెట్టేదాకా కొత్త గింజ ఎవరూ నోట్లో వేసుకోకూడదు. పిట్టలు తింటాయి, ఎలుకలు తింటాయి, వాటికి కులపెద్దలు లేరు. నా తొమ్మిదో ఏట ఒక్క కొర్ర వెన్ను కాల్చుకు తిన్నానని ఇదే తాత సొంత ఇంటి చేతే తప్పు కింద కోడిని కట్టించాడు.

ఆ పండగకి రోజు పెట్టేది కూడా ఆయనే. మా సోంబరు తాత ఊరికి దిసరి. చుక్కలు చూసి రోజులు చెబుతాడు. ప్రతి పెళ్ళికీ, ప్రతి విత్తనానికీ, నాలుగు మోటారు సైకిళ్ళకీ, ఒక సెల్ టవరుకీ మంచి రోజు ఆయనే పెట్టాడు. టవరు ఇంతవరకూ సిగ్నల్ ఇవ్వలేదు, అది తాత తప్పు కాదు.

"లచ్చివారం కొత్తని నోటంట సెప్పినోడివి నువ్వే గదా మావా!"

"సెప్పినాను. లచ్చివారానికి నానుండను గదా కోడలా. నా రోజు ఇయాలే గదా."

సోని కళ్ళు తుడుచుకుంది.

నేను నా కాలి బొటనవేలు చూసుకున్నాను. ఎందుకంటే తాతకి ఆ రోజు పెట్టింది నేను.

*

ఎనిమిది రోజుల కిందటి మాట అది. అరకు నుంచి మా కొండ ఊళ్ళకి జీపు తోలుతాను నేను. సెకండ్ హ్యాండ్ ఆటో ఒకటి బేరానికొచ్చింది. రోజు చూడమంటే తాత మాఘమాసం దాకా లేదు పొమ్మన్నాడు. నాకు ఒళ్ళు మండింది.

"నీకన్నా ఫోను నయం తాతా. దీన్లో కూడా దిసరి ఉన్నాడు. పుట్టిన వారం కొడితే పోయే రోజు సెప్పేస్తాడు."

"ఏదీ, నాది కొట్టు."

కాలిక్యులేటర్ తీశాను. సోమవారం, పుష్యమాసం, ఇరవయ్యేడు నక్షత్రాలు, అన్నీ కలిపి నా చెప్పుల సైజుతో భాగించాను. ముఖం మాత్రం పెద్దాసుపత్రి డాక్టరులా పెట్టాను.

"ఎనిమిది రోజులు తాతా. పున్నమి దాటదు."

కర్ర తీస్తాడనుకున్నాను. వీపు కూడా అనువుగా తిప్పి కూర్చున్నాను. తాత ఆకాశం వైపు చూశాడు. వేళ్ళ మీద ఏదో లెక్క పెట్టాడు.

"సరిపోయింది," అని లేచి లోపలికి వెళ్ళిపోయాడు.

మర్నాడు చెప్పేద్దాం అనుకున్నాను. మర్నాటికి ఊరందరికీ తెలిసిపోయింది. ఆ పై రోజుకి విశాఖలో సెక్యూరిటీ డ్యూటీ చేసే మా నాన్నకి తెలిసిపోయింది. ఆయన తండ్రి కర్మలకని ముందుగానే పదిరోజులు సెలవు పెట్టాడు. సూపర్‌వైజరు పాపం జాలిపడి, జరగని చావుకి రెండు నిమిషాలు మౌనం కూడా పాటింపజేశాడట. నాన్న రేపు పొద్దున్న బస్సుకి దిగుతున్నాడు.

ఈ ఎనిమిది రోజులూ తాత బతికినట్టు మా ఊళ్ళో ఎవరూ బతకలేదు. అరకు తీసుకెళ్ళమని నా జీపు ముందు సీట్లో ఎక్కి నాలుగు ఐస్‌క్రీములు తిన్నాడు. టూరిస్టుల గుర్రం ఎక్కి ఫోటో దిగాడు, అందులో గుర్రం కన్నా తాతే బాగా పడ్డాడు. సంతలో కనిపించిన ప్రతివాడినీ ఆపి, "నా వల్ల నీకేటైనా తప్పు జరిగిందేటి?" అని అడిగాడు. జరగనివాళ్ళు కూడా మొహమాటానికి ఏదో ఒకటి చెప్పారు. ఇంటి వెనక సిల్వర్ ఓక్ చెట్టుకి మిరియం తీగ నాటాడు. మూడేళ్ళకి గానీ కాయదు కదా తాతా అంటే, "ఇయాల నాటాలనిపించింది" అన్నాడు.

మూడో రోజున గెడ్డ దాటి వెళ్ళాడు.

గెడ్డకి అవతల ఊళ్ళో ఆయన తమ్ముడు మంగ్లు తాత ఉంటాడు. మధ్యలో మోకాలి లోతు వాగు నీళ్ళు. నలభయ్యారేళ్ళుగా ఆ నీళ్ళని ఇద్దరూ దాటలేకపోయారు. అప్పట్లో బుద్రి అనే పిల్లని మంగ్లు తాతకి అనుకున్నారు. రోజు చూడమంటే ఇద్దరి నక్షత్రాలూ కుదరలేదని తాత చెప్పాడు. మూడు నెలలకి ఆకాశంలో నక్షత్రాలు జరిగాయి. బుద్రి మా మామ్మ అయింది. ఆమె పోయినప్పుడు కూడా మంగ్లు తాత గెడ్డ అవతలి గట్టు మీదే నిలబడ్డాడు.

ఆ నక్షత్రాల సంగతి అబద్ధమని మా తాత ఆ రోజు వెళ్ళి తమ్ముడికి చెప్పేశాడు. చచ్చిపోయేవాడు చెప్పాల్సిన మాట కదా, చెప్పేశాడు. మంగ్లు తాత లోపలికెళ్ళి తలుపేసుకున్నాడు.

అప్పట్నుంచి తాత గుమ్మంలో కూర్చుని గెడ్డ దారి చూస్తున్నాడు. ఐస్‌క్రీమ్ తిన్న రోజున కూడా పూట దాటకుండా తిరిగొచ్చి ఆ దారే చూశాడు.

*

అమ్మ కేక విని పోతురాజు నాయుడు వచ్చాడు. ఊరి పెద్ద. మామూలుగా అయితే ఈపాటికి నలుగురినీ పిలిచి కూర్చోబెట్టేవాడు. ఇవాళ తలగుడ్డ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"తిన్నావేటి దిసరి మావా?"

"తిన్నాను నాయుడా. నోరాగనేదు. కొత్త దాకా ఉండను గదాని."

పోతురాజు గిన్నె వంక చూశాడు. తర్వాత కొండ వంక చూశాడు.

"పోన్లే. పోయేవోడి నోటి దగ్గర కూడు లాగుతామేటి? ఎవులికీ సెప్పను. రేపు... నీ పని అయిపోయాక, నా మందలోంచి మేకపోతుని ఇచ్చి దేవుడికి తప్పు సెప్పుకుందాం."

"నీ మందలోంచి ఎందుకు నాయుడా?" అంది అమ్మ.

"మా ముగ్గురు కొడుకుల పెళ్ళిళ్ళకీ రోజులు పెట్టినాడమ్మా. ఆ మాత్రం సెయ్యనా?"

ఆ మేకపోతు నాకు తెలుసు. నల్లది, చెవి మీద తెల్ల మచ్చ. నా కాలిక్యులేటర్ వల్ల చావబోతున్న రెండో ప్రాణి అది.

సోని ఉండబట్టలేక అడిగింది. "ఇయాల తాతకి ఏటీ అవకపోతేనో, నాయుడు మావా?"

పోతురాజు నవ్వాడు. "అవకపోడమేటే గుంటా? దిసరి లెక్క తప్పుద్దేటి?" అంతలోనే నవ్వు ఆపేశాడు. "తప్పితే మాత్రం సిక్కే. బతికుండి కొత్త ముందర తిన్నోడి సేతితో ఊరు ఇత్తనం ఎయ్యదు. దిసరి పని ఇంకోడికి ఇచ్చీవాల. యాభయ్యేళ్ళ పేరు... వద్దులే, ఆ మాటలెందుకు. మావా, నువ్వు సల్లగా ఎల్లిపో."

అంత మర్యాదగా మా ఊళ్ళో ఇంతవరకూ ఎవరూ ఎవర్నీ పొమ్మనలేదు.

పోతురాజు వెళ్ళాక సోని నా చొక్కా పట్టుకుని జీపు వెనక్కి లాక్కెళ్ళింది. అది పాడేరులో ఇంటర్ చదువుతోంది. దాని దగ్గర అబద్ధం మూడు నిమిషాల కంటే నిలవదు.

"ఆ యాప్ సూపించన్నా."

"ఏ యాప్?"

"తాతకి రోజు సెప్పిన యాప్. పేరేటి?"

"తీసేసినాను. మెమరీ సాలక."

"మన కొండ మీద నెట్టు నేదు. యాప్ ఎక్కించుకోడానికి అరకెల్లినావా, తీసీడానికి అరకెల్లినావా?"

నేను జీపు టైరులో గాలి చూడ్డం మొదలుపెట్టాను. టైరులో గాలి బాగానే ఉంది.

సోని గొంతు తగ్గింది. "పోయినేడు సిరతపులొచ్చిందని అరిసి ఊరోళ్ళని సెట్లెక్కించినావు. నవ్వినాం. టీచరమ్మకి బదిలీ అయిందని సెప్పి ఏడిపించినావు. నవ్వినాం. ఇది కూడా అలగేనా అన్నా?"

నవ్వు ముఖం ఒకటి నా దగ్గర ఎప్పుడూ తయారుగా ఉంటుంది. అది ఆ పూట రాలేదు.

సోని నా చొక్కా వదిలేసింది. "నీకు సిగ్గు నేదేటి?" అనలేదు. అంటే బాగుండేది. "తాతకి బేగి సెప్పీ," అని మాత్రం అని, నా వైపు చూడకుండా వెళ్ళిపోయింది.

*

తాత వెనక దొడ్లో మిరియం తీగకి చెంబుతో నీళ్ళు పోస్తున్నాడు. నేను ధైర్యం కూడగట్టుకునేసరికి పొద్దు కొండ మీదికి వాలుతోంది. నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను.

"తాతా. ఫోన్లో దిసరి నేడు."

"ఎక్కడికెల్లినాడు?"

"అసలు నేడు తాతా. నానే సెప్పినాను. ఆటోకి రోజు పెట్టనేదని కోపమొచ్చి పరాసికం ఆడినాను. నీకేటీ అవదు. ఇయాలా అవదు, రేపూ అవదు."

తాత నీళ్ళు పోయడం ఆపలేదు. చెంబు ఖాళీ అయింది. ఖాళీ చెంబుతో కూడా కాసేపు పోశాడు.

"సెప్పులు తీసి కొట్టు తాతా. ఏదో ఒకటను."

"ఎనిమిది అని ఎలగొచ్చింది?"

"కాలిక్యులేటర్లో... నా సెప్పుల సైజుతో."

తాత తలూపాడు, అదీ ఒక పద్ధతే అన్నట్టు. నాకు ఏడుపొచ్చింది.

"మరి నువ్వు ఆకాశం సూసి సరిపోయిందన్నావు గదా తాతా? వేళ్ళ మీద లెక్కెట్టి మరీ అన్నావు. అందుకే నాకు భయమేసింది. నిజంగానే కుదిరిందేమోనని."

పక్కింటి కోళ్ళు గూట్లోకి పోతున్నాయి.

"నాకు సుక్కలు కనపడి రెండేళ్ళయిందిరా," అన్నాడు తాత. ఎవరైనా వింటున్నారేమోనని గుమ్మం వైపు చూశాడు. "కళ్ళు మసక. పైకి సూస్తే పాలు ఒలికినట్టు ఉంటాది. ఎవులికీ సెప్పనేదు. పాత లెక్కలతో నెట్టుకొస్తన్నాను. నీ ఫోనుకి తెలిసినాది నాకు తెల్దని ఎలగ అనీది? సరిపోయిందన్నాను."

"సిగ్గేసి సరిపోయిందన్నావా? సచ్చిపోతావని సెప్తే?"

"అదే ముందర నోటికొచ్చీసింది మరి."

ఇద్దరం తీగ వైపు చూస్తూ కూర్చున్నాం. ఎవరు ఎక్కువ సిగ్గుపడుతున్నామో తేల్చడానికి కులపెద్దలు కావాల్సిందే.

"ఊరోళ్ళందరికీ మంచి రోజులు సూసినాను," అన్నాడు తాత. "నాకని ఒక్క రోజు సూసుకోనేదు. ఈ ఎనిమిదీ సూసుకున్నానురా. పొద్దున్నే లెగిసి, ఇది ఆకరిదనుకుంటే మేక అరుపు కూడా ఇనాలనిపించినాది. మీ అమ్మ తిట్లు కూడా తీపిగున్నాయి." తుండు తీసి ముఖం తుడుచుకున్నాడు. "ఇప్పుడు బతుకుతానంటున్నావు. అందరి కాళ్ళూ పట్టుకున్నాను. దాసుకోవాల్సినయన్నీ సెప్పీసినాను. కొత్త కూడా తినీసినాను. రేపు లెగిసి ఏ ముఖమెట్టుకుని వీధిలోకెల్లనురా?"

"నాను సెప్తాను. నాయుడికి, ఊరందరికీ. నాదే తప్పని పొద్దున్నే రచ్చ దగ్గర..."

"మంగ్లుకెవుడు సెప్తాడు?"

నేను గెడ్డ వైపు చూశాను.

"ఆడు వస్తే సచ్చిపోయే అన్న కోసం వస్తాడు. బతికున్న అన్న కోసం నలభయ్యారేళ్ళలో ఒక్కసారి కూడా రానేదు." తాత చేతిలో చెంబు అటూ ఇటూ తిరుగుతోంది. "ఆడు రాడులే. వస్తే ఈపాటికే..."

"మావా!" లోపల్నుంచి అమ్మ కేక. ఈసారి గొంతు వేరేగా ఉంది. "మావా, బేగి రా. గెడ్డ దాటి ఎవులో వస్తన్నారు!"

*

మంగ్లు తాత పంచె మోకాళ్ళ దాకా తడిసి ఉంది. చంకలో నల్ల కోడి, భుజాన చుట్టిన చాప. పోయేవాడి పక్కన పడుకోడానికి తెచ్చుకున్న చాప అది. వాకిట్లో నిలబడి లోపలికి రాలేకపోయాడు. ఇల్లు తన అన్నదీ కాదు, వదినదీ కాదు అన్నట్టు గుమ్మం వైపు చూస్తున్నాడు.

"ఉన్నాడేటి?" అని అమ్మని అడిగాడు.

నేను దొడ్డి వైపు నుంచి పరిగెత్తుకొచ్చాను. తాత నా కన్నా ముందే ఇంట్లోకొచ్చేశాడు. డెబ్భై దాటినవాడు అంత జోరుగా కదలడం నేనెప్పుడూ చూడలేదు. నేను గడప దాటేసరికి నులక మంచం మీద వెల్లకిలా పడుకుని, దుప్పటి గడ్డం దాకా లాక్కుని, కళ్ళు మూసుకుని ఉన్నాడు.

"తాతా, ఏటి సేత్తన్నావు?" గుసగుసగా అడిగాను.

"సచ్చిపోతన్నాను. నోరు ముయ్యి."

ఇరవై మూడేళ్ళుగా ఊరిని ఆటపట్టిస్తున్నాను, తాత ముందు నేను ఎల్‌కేజీ.

మంగ్లు తాత లోపలికి వచ్చాడు. కోడిని వదిలేశాడు. అది నేరుగా కొర్రగంజి గిన్నె దగ్గరికెళ్ళింది. ఆయన మంచం పక్కన నేల మీద కూర్చుని, అన్న చెయ్యి పట్టుకోబోయి, సగంలో ఆగి, నా వైపు తిరిగాడు.

"ఒరే గుంటడా. నువ్వే గదా ఫల్గుణవి?"

"నానే సిన్నతాతా."

"నీ పరాసికాలు మా ఊరు దాకా ఇనిపిస్తాయి. మనవడు ఆటాడుతన్నాడు, ఎల్లకు మావా అని దారంతా సెప్పినారు నాకు. నా కళ్ళలోకి సూసి సెప్పు. మా అన్నకి ఇయాలే రోజా? నిజమేనా?"

అమ్మ నా వైపు చూసింది. గుమ్మంలోంచి సోని చూసింది, అది చూసిన చూపు ఇప్పటికీ నా వీపుకి గుచ్చుకుంటుంది. ఒక్క మాట చాలు. ఆ మాట నాలిక చివర దాకా వచ్చింది కూడా. మంచం మీద తాత కళ్ళు తెరవలేదు. దుప్పటి కింద ఆయన చెయ్యి మాత్రం నులక తాడుని పిడికిలితో బిగించి పట్టుకుంది.

"నిజమే సిన్నతాతా," అన్నాను.

పుట్టాక మొదటిసారి, నన్ను నిలదీసి అడిగినవాడు నా మాట వెంటనే నమ్మేశాడు. సోని వాకిట్లోకి వెళ్ళిపోయింది.

మంగ్లు తాత ముఖం ఒక్కసారిగా కరిగింది. మా తాత చెయ్యి దుప్పటి కింద నుంచి తీసి రెండు చేతులతో పట్టుకున్నాడు. ఆ మూడు చేతులూ ఒకే మాదిరిగా ఉన్నాయి, వేళ్ళ వంకరతో సహా.

"అన్నా. నక్షత్రాల మాట ఒగ్గీ. ఆ రోజే మరిసిపోయినాను."

తాత మూసిన కళ్ళ చివరి నుంచి నీళ్ళు చెవి దాకా జారాయి. అది మాత్రం నటన కాదు. ఇక చాలు, ఇంతటితో అయిపోయింది, రేపటి సిగ్గు రేపు పడదాం అనుకున్నాను నేను. ఊపిరి కూడా వదిలాను.

మంగ్లు తాత వదల్లేదు. అమ్మ వైపు ఒకసారి, తలుపు వైపు ఒకసారి చూసి, ముందుకి వంగాడు.

"నువ్వు ఉన్నదంతా నాకు సెప్పీసినావు. నాకు కూడా ఒకటుందన్నా. నువ్వు బతికుండగా ఎప్పుడూ సెప్పీవాణ్ణి కాదు. ఎల్లిపోతన్నావు గనక సెప్తన్నాను, నీతోనే ఎల్లిపోద్ది."

ఆపాల్సింది నేనే. ఆపగలిగేది కూడా నేనొక్కణ్ణే. నా నోరు ఇందాకటి అబద్ధానికే ఖర్చయిపోయింది.

"మా వదిన గురించి," అన్నాడు మంగ్లు తాత.

తాత కళ్ళు తెరిచాడు.